హెలికాప్టర్ నీళ్లలో బోల్తా పడితే: చెన్నైలో హ్యూయెట్ ట్రైనింగ్, నా అనుభవం

రిగ్గు మీద పని ఖాయమయ్యాక వచ్చిన ఆఫర్ లెటర్లో జీతం కంటే ముందు కళ్లబడిన లైన్ ఒకటుంది. చేరేలోపు టీ-బోసియెట్ అనే భద్రతా కోర్సు పూర్తిచేసి ఉండాలి, లేకపోతే హెలికాప్టర్ ఎక్కనివ్వరు. సముద్రంలో చమురు, గ్యాస్ పనులకు వెళ్లేవాళ్లను కంపెనీలు మొదట అడిగేది ఈ సర్టిఫికెట్టే. మూడు రోజుల కోర్సు. ఫస్ట్ ఎయిడ్, మంటలు ఆర్పడం, సముద్రంలో ప్రాణాలు నిలుపుకోవడం అన్నీ అందులోనే ఉంటాయి గానీ గుండెల్లో రాయి పడేది మాత్రం హ్యూయెట్ పేరు వింటేనే. అంటే, నీళ్లలో దిగిన హెలికాప్టర్ తలకిందులైతే లోపలి నుంచి బయటపడటం. నెల్లూరు, కాకినాడ, శ్రీకాకుళం వైపు నుంచి వెల్డర్లు, పరంజాలు కట్టే స్కాఫోల్డర్లు, నాలాంటి ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్లు ఈ కోర్సు కోసం చెన్నై వస్తుంటారు. "ఈత రాదు, ఎలాగండీ" అని అడిగేవాళ్లే ఎక్కువ. అక్కడ ఏం జరుగుతుందో వరసగా రాస్తున్నాను.

డిసెంబరు మూడో వారంలో ఫోన్ చేస్తే జనవరి బ్యాచ్‌లు నిండిపోయాయన్నారు. మధ్యలో పొంగల్ సెలవులు. చివరికి ఫిబ్రవరి రెండో వారంలో సీటు దొరికింది. జాయినింగ్ డేట్ చేతికొచ్చాక బుక్ చేసుకుందాంలే అనుకునేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. ఫీజు కంపెనీ కట్టినా, మెడికల్‌లో తప్పితే ఆ డబ్బు వెనక్కి వస్తుందా, తర్వాతి బ్యాచ్‌కి మారుస్తారా అన్నది ముందే మెయిల్‌లో అడిగి పెట్టుకోవాలి.

మెడికల్‌కి 2,500 రూపాయల దాకా అయింది. బీపీ, ఈసీజీ, షుగర్, ఛాతీ ఎక్స్‌రే, చెవుల పరీక్ష. వీటిలో మనవాళ్లు తేలిగ్గా తీసుకునేది చెవులు, జలుబు. కర్ణభేరికి చిల్లున్నా, సైనస్ పట్టేసి ఉన్నా తలకిందులుగా నీళ్లలో మునగడం ప్రమాదం. జలుబుంటే ట్యాబ్లెట్ వేసుకుని వెళ్లిపోకండి, తేదీ మార్చుకోండి. మా బ్యాచ్‌లో ఒకాయనకు మొదటి రోజు ఉదయం బీపీ ఎక్కువ చూపించింది. ఓ గంట కూర్చోబెట్టి మళ్లీ చూశారు, అప్పటికీ తగ్గకపోవడంతో పంపించేశారు. విజయవాడ నుంచి రాత్రంతా రైల్లో, నిద్ర లేకుండా వచ్చాడాయన. అందుకే ఒకరోజు ముందే చెన్నై చేరి నిద్రపోవడం మంచిది. సెంటర్ ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద, కోవళం దాటాక ఉంటుంది. ఉదయం ఏడున్నరకల్లా అక్కడ ఉండాలి. నగరానికి ఆ చివరనున్న అంబత్తూరు నుంచి రోజూ వచ్చిపోవడం జరిగే పని కాదు, దగ్గర్లోనే గది తీసుకున్నాను. రోజుకు 1,200.

మొదటి పూట క్లాసే. చెప్పినాయన నేవీలో డైవర్‌గా చేసి రిటైరయ్యారు, విశాఖ వైపు మనిషి. బ్యాచ్‌లో సగం మంది తెలుగువాళ్లే అని తెలిశాక అసలు విషయాలన్నీ తెలుగులోనే చెప్పారు. హెలికాప్టర్‌కు ఇంజన్లు, మెయిన్ గేర్‌బాక్స్, రోటర్ (తిరిగే రెక్కలు) అన్నీ కప్పు మీదే ఉంటాయి. బరువంతా పైన, జనం కింద. నీళ్లమీద దిగగానే పక్కల ఉన్న గాలిసంచులు, అంటే ఫ్లోట్లు, తెరుచుకుని నిలబెట్టాలి. ఒక వైపువి తెరుచుకోకపోయినా, చిరిగినా, అల బలంగా కొట్టినా పక్కకు ఒరిగి పూర్తిగా తిరగబడిపోతుంది. నీళ్లను తాకిన దెబ్బకు తట్టుకున్నవాళ్లు కూడా ఆ తర్వాత లోపలే చిక్కుకుని మునిగి చనిపోవడం చాలా ప్రమాదాల్లో జరిగింది. ఈ ట్రైనింగ్ పుట్టిందే అందుకు.

2003 ఆగస్టు 11న ముంబై దగ్గర సముద్రంలో ఎంఐ-172 హెలికాప్టర్ కూలి 27 మంది పోయారు. 2018 జనవరి 13న అదే సముద్రంలో డాఫిన్ హెలికాప్టర్ కూలి, ఉన్న ఏడుగురూ పోయారు. 2022 జూన్ 28న ముంబై హై చమురు క్షేత్రంలో రిగ్గుకు దగ్గర్లోనే ఎస్-76డీ హెలికాప్టర్ నీళ్లలో పడింది. తొమ్మిది మందిలో నలుగురు చనిపోయారు. నీళ్లంటే సముద్రమే కానక్కర్లేదు. లోక్‌సభ స్పీకర్ జీఎంసీ బాలయోగి 2002 మార్చి 3న చనిపోయింది కైకలూరు దగ్గర చేపల చెరువులో హెలికాప్టర్ కూలి. ఆ పేరు చెప్పినప్పుడు క్లాసులో గోదావరి జిల్లాలవాళ్లం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఆ పూట నాకు బాగా పట్టుకున్న విషయం వేరే ఉంది. అత్యవసరంగా దిగడమంటే పైలట్ చేతిలో మిగిలిన చివరి అవకాశమని అనుకునేవాణ్ని. అదొక నిర్ణయం, అదీ సకాలంలో తీసుకోవాల్సిన నిర్ణయమని మూడు ప్రమాదాలను పక్కపక్కన పెట్టి చూపించారు. 2009 మార్చి 12న కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ దగ్గర ఎస్-92 హెలికాప్టర్ ఒకటి వెళ్తోంది. గేర్‌బాక్స్ ఆయిల్ ఫిల్టర్‌ను పట్టి ఉంచే టైటానియం స్టడ్లు విరిగి ఆయిల్ మొత్తం కారిపోయింది. తీరం వైపు మళ్లించారు. ఆయిల్ ప్రెషర్ పోయిన సుమారు పదకొండు నిమిషాలకే సముద్రంలో కూలింది. 18 మందిలో బతికింది ఒక్కరు. 2012లో మే 10న ఒకటి, అక్టోబరు 22న ఇంకొకటి, ఉత్తర సముద్రంలో (నార్త్ సీ) రెండు ఈసీ225 హెలికాప్టర్లకు గేర్‌బాక్స్‌లో షాఫ్ట్ విరిగి ఆయిల్ పంపులు ఆగిపోయాయి. పైలట్లు తీరం చేరుదామని చూడలేదు. అదుపు చేతిలో ఉండగానే నీళ్లమీద దించేశారు. మొదటిదాంట్లో 14 మంది, రెండోదాంట్లో 19 మంది, అందరూ బతికి బయటపడ్డారు. గేర్‌బాక్స్ పట్టేస్తే రోటర్ ఆగుతుంది, రోటర్ ఆగాక దించడానికి ఏమీ మిగలదు. ఇంజన్ ఆగినా అంతటి విపత్తు కాదు. కలెక్టివ్, అంటే రెక్కల వాలు మార్చే లివర్, వెంటనే కిందికి దించి రోటర్ వేగం పడిపోకుండా కాచుకుంటే, కింది నుంచి వచ్చే గాలే రెక్కలను తిప్పుతుంది. దాన్ని ఆటోరొటేషన్ అంటారు. అయితే వెయ్యి అడుగుల ఎత్తు నుంచి నీళ్లు తాకడానికి నిమిషం కూడా పట్టదు.

ఆ నిమిషంలో పైలట్‌కు చేతినిండా పని: రేడియోలో మేడే అని ఆపద పిలుపు చెప్పాలి, రాడార్‌కు జవాబిచ్చే ట్రాన్స్‌పాండర్‌లో ఆపద కోడ్ 7700 పెట్టాలి, గాలికి ఎదురుగా తిప్పాలి, అలల వాలు చూడాలి. మన వైపు చూసే తీరిక ఉండదు. "బ్రేస్, బ్రేస్", అంటే దెబ్బకు సిద్ధంగా ఒళ్లు బిగించుకోండి, అన్న మాట ఒక్కటే మనకు వినపడేది. మన ప్లాన్ అప్పటికే తయారై ఉండాలి.

రెండో రోజు పూల్. ఉదయం రెండు ఇడ్లీ తిని వెళ్లమన్నారు, పొంగల్, వడ జోలికి పోవద్దన్నారు. ఉంగరాలు, గొలుసులు, వాచీ, తాయెత్తు, చేతికి కట్టిన దారాలు, కాంటాక్ట్ లెన్సులు అన్నీ తీయించారు. దేనికైనా చిక్కుకునేది ఏదీ ఒంటిమీద ఉండకూడదు. దర్గా తాయెత్తు తీయడానికి మొహమాటపడిన కుర్రాణ్ని ఆ నేవీ సార్ పక్కకు తీసుకెళ్లి నెమ్మదిగా మాట్లాడారు. జేబులో జిప్పు లోపల పెట్టుకోనిచ్చారు. కవరాల్, హెల్మెట్, షూస్, లైఫ్ జాకెట్ వాళ్లే ఇస్తారు. లైఫ్ జాకెట్ కాళ్ల మధ్య పట్టీ బిగించకపోతే నీళ్లలో జాకెట్ పైకి, మనిషి కిందికి పోతాడు.

క్రేన్‌కు వేలాడే హెలికాప్టర్ క్యాబిన్ నమూనా. నాలుగు వైపులా కిటికీలు, లోపల సీట్లు, నాలుగు పట్టీల బెల్టు. నీళ్లలో డైవర్లు, లోపల మాతోపాటు ఒక ఇన్‌స్ట్రక్టర్. మెట్లుమెట్లుగా తీసుకెళ్తారు. మొదట క్యాబిన్ నీళ్లమీద తేలుతుండగానే లైఫ్ రాఫ్ట్‌లోకి, అంటే గాలి నింపిన తెప్పలోకి, దాటడం. తర్వాత మునుగుతున్న క్యాబిన్ నుంచి, కిటికీ తీసేసి ఉండగా. తర్వాత కిటికీ మనమే తోసి. ఆ తర్వాత పూర్తిగా తలకిందులు చేసి, ముందు కిటికీ లేకుండా, చివర కిటికీతో. ప్రతిసారీ సీటు మారుస్తారు, ఎందుకంటే ఎడమవైపు అలవాటైన చెయ్యి కుడివైపు కిటికీ దగ్గర తడబడుతుంది.

వరస ఇది. కూర్చోగానే బెల్టు బిగువుగా లాగాలి. కిటికీ వైపు చెయ్యి చాచి ఫ్రేమ్ అంచు పట్టుకోవాలి. దాన్ని రిఫరెన్స్ హ్యాండ్ అంటారు. రెండో చెయ్యి బెల్టు బకిల్ మీద. హెడ్‌సెట్ ఉంటే ముందే తీసి పక్కన పడేయాలి, లేకపోతే దాని వైరు మెడకు తగులుకుంటుంది. నీళ్లు ఛాతీ దాటుతుండగా గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టాలి. కంగారులో ముందే పీల్చేస్తే, అసలు అవసరమయ్యే వేళకు సగం అయిపోతుంది. క్యాబిన్ తిరగడం పూర్తిగా ఆగేదాకా కదలకూడదు. బయట రోటర్ రెక్కలు ఇంకా తిరుగుతుండొచ్చు, లోపలికి నీళ్లు ఉరుకుతున్నప్పుడు దానికి ఎదురీదడం కుదరదు. అందుకే లోలోపల అంకెలు లెక్కపెట్టిస్తారు. ఆగాక కిటికీ తొయ్యాలి. ఆ తర్వాతే బెల్టు విప్పాలి. పట్టుకున్న అంచు వైపు ఒంటిని లాక్కుని బయటికి రావాలి. బయటికొచ్చాకే లైఫ్ జాకెట్ ఎర్ర తాడు లాగాలి.

కిటికీకి ముందు బెల్టు విప్పడమే అందరూ చేసే తప్పు. గాలి నిండిన ఒళ్లు నీళ్లలో పైకి తేలుతుంది. క్యాబిన్ తలకిందులై ఉంది కాబట్టి, ఆ పైన ఉన్నది నేల. బెల్టు విప్పిన మరుక్షణం సీటులోంచి లేచి నేలకు ఆనుకుంటారు. ఇక కిటికీ మీద ఎంత తోసినా కిటికీ కదలదు, మనమే వెనక్కి పోతాం. బెల్టు బిగించి ఉంటేనే ఆ తోపుకు ఆనిక. లైఫ్ జాకెట్ లోపలే ఉబ్బించినా అంతే, నేలకు అతుక్కుపోతాం, కిటికీ దాకా ఒంటిని కిందికి లాక్కోలేం.

కిటికీ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. నిజం హెలికాప్టర్లలో చాలావాటికి అద్దం చుట్టూ రబ్బరు పట్టీ, దానికో ట్యాగ్ ఉంటాయి. ట్యాగ్ పట్టుకుని పట్టీ లాగేసి, ఆపైన అద్దాన్ని మూల దగ్గర తొయ్యాలి. మధ్యలో తోస్తే పలక వంగుతుందే గానీ ఊడదు. పూల్‌లోనూ అంతే. అరచేతి మడమతో మూల మీద ఒక్క దెబ్బ, పలక బయటికి జారిపోతుంది. ఆ "టక్" శబ్దం నీళ్లలో వినపడదు, చేతికి తెలుస్తుంది.

మొదటిసారి తిరగబడినప్పుడు ఏమనిపిస్తుందో దాచకుండా చెబుతాను. నీళ్లు ముక్కులోంచి నుదుటి లోపలికి ఎక్కినట్టు భగ్గున మండుతాయి. వెలుతురు ఎటునుంచి వస్తోందో తెలియదు. పైన, కింద అన్న లెక్క పోతుంది. కళ్లు తెరిచినా బుడగలే. భయమేసింది, చాలా. కానీ కుడివైపు అంచు పట్టుకున్న చెయ్యి అక్కడే ఉంది. సీటుకు కుడి ఎప్పుడూ కుడే, ప్రపంచం ఎటు తిరిగినా. అది ఒంటికి అర్థమైన క్షణం నుంచి భయం తగ్గింది. శ్రీకాకుళం నుంచి వచ్చిన స్కాఫోల్డర్ కుర్రాడికి ఈత అస్సలు రాదు. మొదటి మునక తర్వాత వణుకుతూ ఇన్‌స్ట్రక్టర్‌ను అడిగాడు: "సార్, నీళ్లు ముక్కులోకి పోతే ఏం చెయ్యాలి?"

"ఏం చెయ్యకు తమ్ముడూ. మండుతుంది, మండనీ. చెయ్యి మాత్రం వదలకు."

సాయంత్రానికి అతను అందరికంటే శుభ్రంగా చేశాడు. ఈత వచ్చినవాళ్లే ఎక్కువ తంటాలు పడ్డారు. బెల్టు విప్పగానే అలవాటుకొద్దీ కాళ్లు ఆడిస్తారు, ఆ కాలు వెనకవాడి మొహానికి తగులుతుంది. ఇంకొకాయన బకిల్ కోసం నడుము పక్కన తడుముతూ ఉండిపోయాడు. రోజూ కారు నడిపేవాళ్ల చెయ్యి అటే పోతుందట. హెలికాప్టర్ బెల్టుకు బకిల్ పొట్ట మీద ఉంటుంది, నొక్కేది కాదు, తిప్పేది. డైవర్ వెంటనే అందుకుని బయటికి తెచ్చాడు. ఎవరికీ ఏమీ కాలేదు. మళ్లీ చేయించారు.

గాలి సిలిండర్ సంగతి కూడా అడుగుతారు. 2013 ఆగస్టు 23న స్కాట్లాండ్‌లో సంబర్గ్ దగ్గర సూపర్ ప్యూమా హెలికాప్టర్ సముద్రంలో పడి 18 మందిలో నలుగురు చనిపోయాక, బ్రిటన్‌లో జేబులో పట్టేంత కంప్రెస్డ్ ఎయిర్ సిలిండర్‌ను ప్రయాణికులకు తప్పనిసరి చేశారు. కిటికీలో పట్టనంత భుజాల వెడల్పు ఉన్నవాళ్లను పెద్ద కిటికీ పక్కనే కూర్చోబెట్టాలనీ అన్నారు. మన దగ్గర టీ-బోసియెట్, అంటే వెచ్చని సముద్రాలకు ఉద్దేశించిన కోర్సు, మామూలుగా ఊపిరి బిగబట్టడంతోనే నడుస్తుంది. సిలిండర్ వాడే చోటికి వెళ్తే ఒకటి గుర్తుంచుకోవాలి: నీళ్ల కింద ఆ గాలి పీల్చాక ఊపిరి బిగబట్టి పైకి రాకూడదు. పైకి వస్తుంటే ఊపిరితిత్తుల్లో గాలి వ్యాకోచిస్తుంది, లోపల చిట్లుతుంది. వదులుతూ రావాలి.

మధ్యాహ్నం పెరుగన్నం తిన్నాక రాఫ్ట్ పని. తలకిందులుగా తెరుచుకున్న రాఫ్ట్‌ను ఒక్క మనిషి తిప్పేయొచ్చు. గ్యాస్ సిలిండర్ ఉన్న వైపు నిలబడి, అడుగున ఉన్న పట్టీ పట్టుకుని, గాలి సాయం చూసుకుని వెనక్కి వాలాలి. మీదపడితే కంగారు పడకుండా వెల్లకిలా తేలుతూ బయటికి రావాలి. ఎక్కాక హెలికాప్టర్‌కు కట్టిన తాడు కోసెయ్యాలి, రాఫ్ట్ కొట్టుకుపోకుండా నెమ్మదింపజేసే సీ యాంకర్ వదలాలి, పైకప్పు మూయాలి, వాంతుల ట్యాబ్లెట్ అందరూ వేసుకోవాలి. కడుపు తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అది కడుపులో నిలవదు. వాంతులతో ఒంట్లో నీరు పోతుంది. బంగాళాఖాతంలో చలికంటే ఎండ, దాహం ముందు దెబ్బతీస్తాయి.

ఆపద సిగ్నల్ పంపే బీకన్ గురించి విన్నప్పుడు కాస్త ధైర్యం వచ్చింది. 406 మెగాహెర్ట్జ్ సిగ్నల్ ఉపగ్రహాల ద్వారా బెంగళూరులోని ఇస్రో కేంద్రానికి, అక్కడి నుంచి కోస్ట్ గార్డ్‌కు చేరుతుంది. చెన్నైలోని వాళ్ల రెస్క్యూ కేంద్రం తూర్పు సముద్రాన్ని చూస్తుంది. సముద్రంలో ఆపద చెప్పాల్సిన ఫోన్ నంబరు 1554. జాడ తెలియడం ఎంత ముఖ్యమో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖర రెడ్డి ఎక్కిన బెల్ 430 హెలికాప్టర్ ఎక్కడుందో నల్లమలలో మర్నాటిగ్గానీ దొరకలేదు. బీకన్ యాంటెన్నా నిటారుగా, ఆకాశం కనపడేలా పట్టుకోవాలి, ఒంటి కింద పడిపోకూడదు.

మూడో రోజు మంటలు ఆర్పడం, పొగలో పాకడం. ఒళ్లు నొప్పులు తప్ప అందులో భయపడేదేమీ లేదు. మార్చ్ మొదటి వారానికి సర్టిఫికెట్ మెయిల్‌లో వచ్చింది.

రాజమండ్రి నుంచి మొదటి ఫ్లైట్ ఆ నెలలోనే. బరువు తూచారు, వీడియో చూపించారు, లైఫ్ జాకెట్ వేశారు. హెలికాప్టర్ దగ్గరికి పైలట్‌కు కనపడేలా ముందువైపు నుంచే వెళ్లాలి, తోక వైపు అసలు పోకూడదు. టోపీలు తీసెయ్యాలి. సీటులో కూర్చోగానే చేసే పనులు ఇప్పుడు చేతికి అలవాటయ్యాయి. ముందు కిటికీ ట్యాగ్ ఎక్కడుందో చూస్తాను. తర్వాత కళ్లు మూసుకుని చేత్తో వెతుకుతాను. బకిల్ ఏ వైపు తిరుగుతుందో ఒకసారి విప్పి బిగిస్తాను. ఆ కిటికీ తెరుచుకోకపోతే రెండోది ఏది, దానికి ఎన్ని సీట్లు దాటాలో లెక్కపెడతాను. నా కిటికీ మీద ఆధారపడేది ఇంకెవరో చూసి, "అన్నా, ఏదన్నా అయితే నేను ఇటు, మీరు నా వెనకాలే" అని ఒక మాట చెబుతాను. ఎవరూ నవ్వలేదు ఇంతవరకూ. టేకాఫ్‌కీ ల్యాండింగ్‌కీ ఫోను జేబులోనే ఉంటుంది.

సర్టిఫికెట్ నాలుగేళ్లు పనిచేస్తుంది. గడువు తీరేలోపే వెళ్తే ఫోయెట్ అనే ఒక్క రోజు రిఫ్రెషర్ కోర్సుతో రెన్యూవల్ అయిపోతుంది. ఒక్క రోజు దాటినా మూడు రోజుల కోర్సు మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి. అందుకని గడువుకు మూడు నెలల ముందే సీటు బుక్ చేసుకోండి, ముఖ్యంగా ఆ గడువు జనవరిలో పడితే.